ముప్పై ఒకటో ఉతుకు

నా పని వెలుగును ఉతకడం.
ఇంకా నిజం చెప్పాలంటే, ఉతికి చంపడం.
నేలమాళిగలో ఒక డ్రమ్ము, నలభై డిగ్రీల నీళ్ళు,
పది ఉక్కు గోళీలు, కొలిచి పోసిన సబ్బు.
పై అంతస్తులో వాళ్ళు నెల్లాళ్ళు కూర్చుని వెలిగించింది
నేను నలభై నిమిషాల్లో ఆర్పేసి
ఫారంలో ‘లేదు’ అని రాస్తాను.

వుచ్ అంటే మా పోలిష్‌లో పడవ.
పడవ పేరున్న ఊళ్ళో ఏరు కంటికి కనబడదు,
వీధుల కింద గొట్టాల్లో పారుతుంది.
మా నాయనమ్మ చిన్నప్పుడు
మిల్లులో ఏ రంగు అద్దితే ఆ రంగు నీళ్ళే పారేవట.
ఇప్పుడు ఆ మిల్లుల్లో కాఫీ అమ్ముతున్నారు.
మాకు మిగిలింది ఈ ప్రయోగశాల,
నవంబరులో మూడున్నరకే దిగిపోయే చీకటి.

డాక్టర్ కింగా నూలుగుడ్డ మీద పొరలు పరుస్తుంది.
అడుగున వెండి సిరా, దానిపై తెల్లటి నిరోధకం,
ఆపైన చిటికెడు రాగి కలిసిన జింకు సల్ఫైడు పొడి,
చివర కంటికి ఆనని ఇంకో పూత.
వైరు తగిలించగానే గుడ్డ
దోమలా సన్నగా రొద పెడుతూ
నీలిపచ్చగా మేలుకుంటుంది.
మొదటిసారి చూసినప్పుడు చేతులు తుడుచుకున్నాను,
ఎందుకో తెలీదు.

మర్నాడు దాన్నే నా డ్రమ్ములో వేశారు.
ఐదో ఉతుక్కి మడతల్లో పగుళ్ళు.
తొమ్మిదికి మోచేయి పోయింది.
పన్నెండుకి పొరంతా పొట్టులా లేచి జల్లెట్లో తేలింది.
కింగా ఆ పొట్టును గాజుపలక మీద పరిచి
చాలాసేపు మాట్లాడలేదు.
“జిగురు మారుద్దాం.” పదమూడు.
“మందం తగ్గిద్దాం.” పదకొండు.

అప్పుడొచ్చాడు పాన్ జెనోబియుష్, బాయిలరు చూడ్డానికి.
ఇరవై ఆరేళ్ళు చలువ విభాగంలో వేళ్ళు కాల్చుకున్న మనిషి.
వెలిగే గుడ్డ వంక చూడనైనా చూడలేదు.
ఇంకా పూత వేయని తెల్లగుడ్డ మీద
టీ గ్లాసులోంచి ఒక చుక్క వదిలాడు.
చుక్క నిలబడింది, గోధుమరంగు ముత్యంలా.
“మైనం వదల్లేదమ్మా.
పత్తికి పుట్టుకతోనే ఒంటి మీద మైనం.
అది మీతో ఇంకా పలకనేలేదు,
మీరప్పుడే దాని నెత్తిన దీపం పెడుతున్నారు.”
కింగా ముఖం కందిపోయింది.
“సరుకు కాగితంలో శుద్ధి చేసిందనే ఉంది.”
“కాగితాన్ని ఉతకలేం కదా.”

ఆ రాత్రి ఎవరం ఇంటికి వెళ్ళలేదు.
గంజి తీశాం. కాస్టిక్ సోడాలో ఉడకబెట్టాం.
బిగలాగి పట్టుకుని మళ్ళీ సోడాలో ముంచాం.
గదంతా ఉడికిన చొప్ప వాసన.
కడిగి, ఆరబెట్టి, ఆయన ముందు పెట్టాం.
చుక్క పడింది.
‘ఒకటి’ అనేలోపే లేదు.

జనవరిలో ఆ గుడ్డ చొక్కా అయింది.
రాత్రిపూట ట్రాము పట్టాలు బిగించే మిరెలా
రెండు వారాలు తొడుక్కుంది.
ఎంత దూరం నుంచి డ్రైవర్లకు కనబడ్డావని అడిగారు.
“దూరం సంగతి వాళ్ళనే అడగండి.
మంచులో నట్టు జారిపోయింది.
టార్చి పళ్ళ మధ్య కరుచుకోకుండా
వెతకడం ఇదే మొదటిసారి.
నా చెయ్యే నాకు చూపించింది.”
దానికి ఫారంలో గడి లేదు.
కింగా అంచున సన్నక్షరాల్లో రాసుకుంది.

చొక్కా మళ్ళీ నా దగ్గరికొచ్చింది,
గ్రీజుతో, ఇనుము వాసనతో, ఎండిన చెమట ఉప్పుతో.
నా జీతం దీన్ని ఆర్పడానికే.
సబ్బు తక్కువ వేయలేదు. గోళీ ఒక్కటీ తీయలేదు.
చప్పుడంతా అయ్యాక నేలమాళిగ దీపం ఆపి
స్విచ్చి మీద వేలు పెట్టి
కాసేపలాగే నిలబడ్డాను.

ఉతుకు: ముప్పై ఒకటి.
వెలుతురు: ఉంది.
ఎడమ మోచేతి దగ్గర చీకటి, శనగబద్దంత.
రేపు ముప్పై రెండు.